చవక బర్బన్‌లో లోపం వయసుదా, నీళ్లదా?

అమెరికాలో ఏ ఊళ్లో మద్యం దుకాణానికి వెళ్లినా ప్రధానంగా మొక్కజొన్నతో తీసే అమెరికన్ విస్కీ బర్బన్, రై ధాన్యంతో తీసే రై విస్కీల వరసలో పై అరలకూ కింది అరలకూ మధ్య పెద్ద అంతరం కనిపిస్తుంది. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు అని సీసా మీద పెద్ద అంకెలు వేసుకున్న విస్కీలు పైన వంద డాలర్లకు అటూ ఇటూ పలుకుతుంటే, మోకాలి ఎత్తు అరల్లో జిమ్ బీమ్, ఇవాన్ విలియమ్స్, ఓల్డ్ గ్రాండ్-డాడ్, వైల్డ్ టర్కీ, రిటెన్‌హౌస్ వంటి పేర్లు రాష్ట్రాన్ని బట్టి దాదాపు 15 నుంచి 30 డాలర్ల లోపే దొరుకుతాయి. వీటిలో చాలావాటి వయసు నాలుగేళ్లు, మహా అయితే ఆరేడేళ్లు. పన్నెండేళ్ల స్కాచ్‌ను కనీస మర్యాదగా భావించే అలవాటున్న వారికి నాలుగేళ్ల విస్కీ పచ్చి సరుకుగానే అనిపిస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాల విందుల్లో బర్బన్ కన్నా స్కాచ్‌కే ఎక్కువ పీట వేయడానికి ఈ భావన కూడా ఒక కారణం.

అయితే 'లేత వయసు, తక్కువ ధర ఉన్న బర్బన్, రై విస్కీలు తాగదగ్గవేనా' అన్న ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. వయసు తక్కువైతే ధర తక్కువ ఉండాలన్న నియమం లేదు, ధర తక్కువైనంత మాత్రాన రుచికి కారణం వయసే కావాలనీ లేదు. కింది అరలోని సీసాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే తేలే విషయం వేరు. నాలుగేళ్లు పీపాలో ఉన్న బర్బన్ చాలావరకు పూర్తయిన విస్కీయే. దాన్ని పలచగా, నిస్సారంగా మార్చేది ఎక్కువసార్లు సీసాలో నింపే ముందు కలిపే నీళ్లే తప్ప వయసు కాదు.

దీన్ని పరిశీలించే ముందు చట్టం ఏం చెబుతుందో చూడాలి. బర్బన్ అనిపించుకోవాలంటే ఆ మద్యం అమెరికాలోనే తయారు కావాలి, వాడే ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, బట్టీ నుంచి దిగేటప్పుడు ఆల్కహాల్ 80 శాతం దాటకూడదు, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం దాటకూడదు, ఆ పీపా లోపల కాల్చిన కొత్త ఓక్ పీపా అయి ఉండాలి. రై విస్కీకి మొక్కజొన్న స్థానంలో గోధుమను పోలిన రై ధాన్యం కనీసం 51 శాతం ఉండాలి, మిగిలినవన్నీ అవే నిబంధనలు. బర్బన్‌కు రంగు గానీ రుచి గానీ పైనుంచి కలపడానికి వీల్లేదు. విచిత్రమేమిటంటే, ఇంత కట్టుదిట్టమైన నిర్వచనంలో కనీస వయసు మాత్రం లేదు. 'స్ట్రెయిట్' అన్న మాట సీసా మీద ఉంటేనే కనీసం రెండేళ్ల హామీ వస్తుంది. నాలుగేళ్లలోపు విస్కీ అయితే ఆ వయసును చీటీ మీద తప్పనిసరిగా చూపాలి. కనుక 'స్ట్రెయిట్ బర్బన్' అని ఉండి వయసు ఎక్కడా కనిపించని సీసాలోని విస్కీకి కనీసం నాలుగేళ్లు నిండి ఉన్నాయని అర్థం. వేర్వేరు వయసుల పీపాలు కలిపినప్పుడు చీటీ మీద చూపాల్సింది వాటిలో అన్నిటికన్నా చిన్నదాని వయసు.

ఈ నిబంధనల వల్ల కింది అరలోని చవక సీసాకు కూడా ఒక పునాది ఏర్పడుతుంది. వాడ్కా కోసం ఆల్కహాల్‌ను 95 శాతం దాకా తీసుకెళ్లి ధాన్యం రుచిని దాదాపు తుడిచేస్తారు. బర్బన్‌లో ఆ పని చట్టమే చేయనివ్వదు, పైగా బర్బన్ ఎక్కువగా తయారయ్యే కెంటకీ రాష్ట్రంలోని డిస్టిలరీలు చాలావరకు 80 శాతం పరిమితికి ఎంతో దిగువనే బట్టీ ఆపేస్తాయి. భారతదేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో పెద్ద భాగం చెరకు మడ్డి నుంచి గానీ ధాన్యం నుంచి గానీ తీసిన తటస్థ (రుచీ వాసనా దాదాపు లేని) స్పిరిట్‌కు కొంత మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) విస్కీ, రంగు, పరిమళం చేర్చి తయారయ్యేదే. మడ్డి స్పిరిట్‌తో చేసినదాన్ని ఐరోపాలో విస్కీ పేరుతో అమ్మనివ్వరు. ఆ నేపథ్యంలో చూస్తే 15 డాలర్ల స్ట్రెయిట్ బర్బన్ అన్నది చవకదే కానీ నకిలీది కాదు. ఇదే అరలో మరింత కిందికి వెళ్తే 'బ్లెండెడ్ విస్కీ' అన్న పేరుతో ఇంకో రకం ఉంటుంది. అమెరికా నిబంధనల ప్రకారం అందులో స్ట్రెయిట్ విస్కీ 20 శాతం ఉంటే చాలు, మిగిలింది తటస్థ స్పిరిట్ కావచ్చు. అమెరికన్ విస్కీకి చవకబారుదన్న పేరు రావడానికి ఇవి చాలావరకు కారణం. ఈ వ్యాసంలో వాటి చర్చ అనవసరం.

ఇక వయసు సంగతి. స్కాట్లాండ్‌లో పన్నెండేళ్లకు వచ్చే పరిపక్వత కెంటకీలో అంతకు చాలా ముందే రావడానికి రెండు కారణాలున్నాయి. స్కాచ్‌ను ఎక్కువగా అంతకుముందు బర్బనో షెర్రీయో నింపి తీసిన పాత పీపాల్లో నిల్వ చేస్తారు. ఆ కర్రలోని సారం చాలావరకు అప్పటికే పోయి ఉంటుంది. బర్బన్‌కు ప్రతిసారీ కొత్త పీపాయే. రెండోది వాతావరణం. కెంటకీలో చలికాలంలో నీళ్లు గడ్డకడతాయి, వేసవిలో గిడ్డంగుల పై అంతస్తులు అట్టుడికిపోతాయి. వేడికి వ్యాకోచించిన ద్రవం కర్ర లోపలికి చొచ్చుకుపోతుంది, చలికి సంకోచించి వెనక్కి వస్తుంది. ఏటా జరిగే ఈ రాకపోకల్లో కర్రలోని లిగ్నిన్ విచ్ఛిన్నమై వనిల్లా వాసననిచ్చే వనిలిన్ వస్తుంది. నిప్పుకు మాడిన హెమిసెల్యులోజ్ నుంచి పాకం పట్టిన చక్కెర రుచి వస్తుంది. ఓక్ లాక్టోన్ల నుంచి కొబ్బరి వాసన, టానిన్ల నుంచి వగరు దిగుతాయి. పీపా లోపలి బొగ్గు పొర కొత్త సారాలోని గంధకపు వాసనలను పీల్చేస్తుంది.

ఈ పనుల్లో ఎక్కువ భాగం తొలి రెండు మూడేళ్లలోనే జరుగుతుంది, రంగు అయితే ఇంకా ముందే పట్టేస్తుంది. కానీ పీపా చేసేది ఇంతే కాదు. కర్ర రంధ్రాల గుండా మెల్లగా లోపలికి చేరే గాలితో ఆల్కహాల్ కొంత ఆమ్లంగా మారడం, ఆ ఆమ్లాలు తిరిగి ఆల్కహాల్‌తో కలిసి పండ్ల వాసననిచ్చే ఎస్టర్లుగా ఏర్పడడం, నాలుకను కోసే పదును తగ్గడం వంటివి ఉన్నాయి. వీటికి కర్ర ఎంత కొత్తదైనా, ఎండ ఎంత కాసినా కొంత కాలం పట్టక తప్పదు. చిన్న పీపాలు వాడి తొందరపెట్టాలని చూసిన వారికి ఎదురైన ఇబ్బంది ఇదే. మామూలు పీపాలో దాదాపు 200 లీటర్లు పడుతుంది. దానికి బదులు 20 లీటర్ల పీపా వాడితే ప్రతి లీటరుకు తగిలే కర్ర పెరుగుతుంది కాబట్టి ఏడాదిలోనే రంగు నల్లబడుతుంది. తాగి చూస్తే మాత్రం ముందు పచ్చి కర్ర చేదు, ఆ వెంటనే ఉడకని మొక్కజొన్న పిండి వాసన, చివర మంట. కర్ర సారం దిగింది, కాలం మాత్రం గడవలేదు.

ఏడాది, ఏడాదిన్నర వయసున్న బర్బన్ మీద సాధారణంగా వచ్చే ఫిర్యాదులన్నీ ఈ మాటల్లోనే ఉన్నాయి, అవి న్యాయమైనవే. రెండేళ్లకు ఆ పిండి వాసన సగం తగ్గుతుంది. బట్టీ శుభ్రంగా దించి, పీపా మంచిదై ఉంటే నాలుగేళ్లకు దాదాపు పోతుంది. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ధాన్యం, కర్ర రెండూ సమంగా నిలబడతాయన్నది చాలామంది తయారీదారుల అనుభవం. పన్నెండు దాటాక కొత్త పీపాలోని టానిన్లు పైచేయి సాధించడం మొదలవుతుంది. ఇరవయ్యేళ్ల బర్బన్‌లో కర్ర కషాయం తాగుతున్నట్టు అనిపించే సీసాలు తక్కువేమీ కాదు. పాత బియ్యానికి ధర ఎక్కువైనా సంక్రాంతి పొంగలికి కొత్త బియ్యమే కావాలన్నట్టు, ఇక్కడ కూడా వయసు ఏ పనికి అన్నదాన్ని బట్టి దాని విలువ మారుతుంది.

నాలుగేళ్లన్న అంకె అమెరికన్ చట్టంలో ఊరికే వచ్చింది కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అక్కడి విస్కీ చాలావరకు పీపా మొహం చూడని సారాయే. జార్జ్ వాషింగ్టన్ 1797లో మౌంట్ వెర్నన్‌లో పెట్టిన డిస్టిలరీలో 60 శాతం రై, 35 శాతం మొక్కజొన్న, 5 శాతం బార్లీ మాల్ట్‌తో బట్టీ పెట్టి, 1799లో దాదాపు 11 వేల గ్యాలన్లు తీశారు. దాన్ని నిల్వ ఉంచకుండానే అమ్మేశారు. పంతొమ్మిదో శతాబ్దంలో పీపాల్లో నిల్వ చేసే అలవాటు పెరిగాక, తటస్థ సారాకు రంగులూ రకరకాల పదార్థాలూ కలిపి పాత విస్కీ అని అమ్మే వ్యాపారులు పుట్టుకొచ్చారు. వారి పోటీ తట్టుకోలేక కర్నల్ ఇ. హెచ్. టేలర్ వంటి కెంటకీ తయారీదారులు ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చారు. ఆ ఫలితమే 1897 నాటి బాటిల్డ్-ఇన్-బాండ్ చట్టం. సీసా మీద 'బాండ్' ముద్ర పడాలంటే ఒకే డిస్టిలరీలో, ఒకే కాలంలో తీసిన సారా, ప్రభుత్వ పర్యవేక్షణలోని గిడ్డంగిలో కనీసం నాలుగేళ్లు ఉండి, సరిగ్గా 50 శాతం ఆల్కహాల్‌తో సీసాలోకి రావాలి. నాణ్యతకు ప్రభుత్వ ముద్ర వేయాలనుకున్నప్పుడు ఆనాటి వారికి చాలనిపించిన వయసు నాలుగేళ్లు. గమనించవలసింది ఏమిటంటే, వారు ఆ వయసుకు 50 శాతం బలాన్ని కూడా జతచేశారు. ఈ రెండో అంశాన్ని నేటి చర్చలు తరచూ మరిచిపోతాయి.

పన్ను విధానం కూడా విస్కీని పడుచుదనంలోనే బయటికి రప్పించేది. 1958లో ఫొరాండ్ చట్టం వచ్చేవరకు పీపాలోని సరుకు అమ్ముడైనా కాకపోయినా ఎనిమిదేళ్లు నిండగానే పన్ను కట్టాల్సి వచ్చేది. ఆ చట్టం ఆ గడువును ఇరవయ్యేళ్లకు పెంచింది. ఆ తర్వాత 1970లు, 80లలో అమెరికన్లు వాడ్కా వైపు మళ్లడంతో కెంటకీ గిడ్డంగుల్లో పీపాలు కొనేవారు లేక పేరుకుపోయాయి. అమ్ముడుపోని పాత విస్కీనే ఆ రోజుల్లో చవక సీసాల్లో నింపారు. ఇవాన్ విలియమ్స్ నల్ల చీటీ మీద ఒకప్పుడు ఏడేళ్లని ఉండేది. ఎలైజా క్రెయిగ్ పన్నెండేళ్ల వయసుతో మధ్య తరగతి ధరకు దొరికేది. రెండువేల తర్వాత గిరాకీ మళ్లీ విజృంభించాక ఆ అంకెలు ఒక్కటొక్కటిగా మాయమయ్యాయి. ఎలైజా క్రెయిగ్ తన పన్నెండును 2016లో తీసేసింది. వెరీ ఓల్డ్ బార్టన్ సంస్థవారైతే ఆరేళ్లు అన్న మాటలోంచి ఏళ్లను తీసేసి ఆరు అంకెను మాత్రం అలాగే ఉంచారు, ఆ ఆరు దేనికి గుర్తో కొనేవారే ఊహించుకోవాలి. 'ఆ రోజుల్లో చవక బర్బన్ ఎంత బాగుండేదో' అని పాతతరం వాళ్లు చెప్పుకునేది నిజమే, కాకపోతే అది గిరాకీ పడిపోయిన కాలపు సరుకు. నాలుగేళ్ల బర్బన్‌ను దానితో పోల్చి తక్కువ చేయడం సబబు కాదు.

ఇప్పుడు నీళ్ల లెక్కకు వద్దాం. పీపా నుంచి 60 శాతం బలంతో వంద లీటర్ల విస్కీ తీశారనుకుందాం. దాన్ని 40 శాతానికి దించితే 150 లీటర్లు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు 200 వస్తాయి. అదే 50 శాతం దగ్గర ఆపితే 120 లీటర్లు, అంటే 160 సీసాలే వస్తాయి. నలభై సీసాల తేడా నీళ్లతో వచ్చినదే. ఇక వయసు విషయంలో ఖర్చెంతో చూద్దాం. కెంటకీలో ఏటా సుమారు 4 శాతం ఆవిరైపోతుందని లెక్కవేసుకుంటే నాలుగేళ్లలో 15 శాతం, పన్నెండేళ్లలో 39 శాతం సరుకు గాలిలో కలుస్తుంది. దానికి తోడు గిడ్డంగి అద్దె, పీపా మీద స్థానిక పన్ను, పెట్టుబడి మీద వడ్డీ. కాబట్టి ఒక కంపెనీ వయసును పెంచాలంటే ఏళ్ల తరబడి డబ్బు కదలకుండా పెట్టాలి, బలాన్ని తగ్గించాలంటే గొట్టం తిప్పితే సరిపోతుంది. సరుకు కొరత వచ్చినప్పుడల్లా వారు ముందు దేనివైపు చేయి చాపుతారో చరిత్రే చెబుతోంది. బర్బన్ కాక టెన్నెసీ విస్కీ అయిన జాక్ డేనియల్స్ 1987లో 45 శాతం నుంచి 43కు, 2004లో 40కి దిగింది. మేకర్స్ మార్క్ 2013లో 45 శాతాన్ని 42కు తగ్గిస్తున్నట్టు ప్రకటించి, తాగేవారు భగ్గుమనడంతో వారం పది రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

బలం తగ్గితే మత్తు తగ్గడం ఒక్కటే జరగదు. నూనెల వంటి బరువైన రుచి పదార్థాలు ఆల్కహాల్‌లో కరిగినంత తేలిగ్గా నీళ్లలో కరగవు. బలం 46 శాతం కన్నా తక్కువైతే చల్లబడినప్పుడు అవి సీసాలో మసకగా కనిపించే అవకాశం ఉంటుంది కాబట్టి, తయారీదారులు చల్లబరిచి వడపోసి వాటిలో కొంత తీసేస్తారు. మనవాళ్లు విస్కీ తాగే పద్ధతి దీనికి తోడవుతుంది. గ్లాసు నిండా ఐసు, దాని మీద సోడా అన్న లెక్కలో, అప్పటికే 40 శాతానికి పలచబడ్డ సరుకు మరో రెండు రెట్లు పలచబడుతుంది. అందులో మిగిలేది తీపి వాసనా రంగూ మాత్రమే. ఇదే నాలుగేళ్ల విస్కీ 50 శాతం బలంతో ఉంటే సోడాలో కూడా దాని మొక్కజొన్న తీపి, కర్ర ఘాటు నిలబడతాయి. నీళ్లు కలపాలా, ఎంత కలపాలి అన్న నిర్ణయం అప్పుడు తాగేవారి చేతిలో ఉంటుంది.

ఇక్కడ ప్రూఫ్ లెక్కల గురించి చిన్న హెచ్చరిక అవసరం. అమెరికాలో ప్రూఫ్ అంటే ఆల్కహాల్ శాతానికి రెట్టింపు, 80 ప్రూఫ్ అంటే 40 శాతం. భారతదేశపు సీసాల మీద కనిపించే 75 డిగ్రీల ప్రూఫ్ పాత బ్రిటిష్ లెక్క, అది 42.8 శాతం. అంటే 80 అని రాసి ఉన్న అమెరికన్ సీసా 75 అని రాసి ఉన్న మన సీసా కన్నా పలచనిది. ప్రూఫ్ అంకెలను కాక శాతాన్నే చూడడం మంచిది. 50 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లు పోసుకుంటే అందులో 30 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది, 40 శాతం దాంట్లో 24. పెగ్గుల లెక్కన తాగేవారు ఈ తేడాను మరిచిపోతే తల చెబుతుంది.

ఈ గీటురాయితో కింది అరను చూస్తే సీసాల మధ్య తేడాలు స్పష్టమవుతాయి. జిమ్ బీమ్ తెల్ల చీటీ నాలుగేళ్ల విస్కీ, 40 శాతం. అందులో వేరుశెనగ పొట్టును తలపించే బీమ్ కుటుంబపు ముద్ర, కొంచెం తీపి ఉంటాయి గానీ రుచి నోట్లోకి వచ్చినంత వేగంగానే వెళ్లిపోతుంది. కోలాలో కలపడానికి సరిపోతుంది, ఒంటరిగా తాగడానికి అందులో చెప్పుకోదగ్గదేమీ లేదు. అదే సంస్థ తయారుచేసే ఓల్డ్ గ్రాండ్-డాడ్ బాండ్ సీసాలో రై వాటా 27 శాతం, బలం 50 శాతం. దీని కనీస వయసు కూడా నాలుగేళ్లే. కానీ దాల్చినచెక్క, నారింజ తొక్క, మిరియాల ఘాటు చాలాసేపు నాలుక మీద ఉంటాయి. ఒకే యాజమాన్యం, అదే కనీస వయసు, కొద్ది డాలర్ల తేడా ధర. ధాన్యం పాళ్లు వేరన్నది నిజమే కాబట్టి ఇది అచ్చమైన ప్రయోగం కాదు. అలాంటి ప్రయోగం కావాలనుకునేవారు ఇవాన్ విలియమ్స్ నల్ల చీటీని, తెల్ల చీటీని పక్కపక్కన పెట్టి చూడవచ్చు. రెండూ హెవెన్ హిల్ డిస్టిలరీవే, రెండింటికీ ధాన్యం పాళ్లు ఒకటే. నల్లది 43 శాతం, తెల్లది బాండ్ చట్టం ప్రకారం 50. తెల్లదాన్ని 43కు సరిపడా నీళ్లతో పలచన చేసి తాగితే రెండూ దగ్గరి చుట్టాల్లా ఉంటాయి. పలచన చేయకుండా తాగితే తెల్లది మరో తరగతి విస్కీలా అనిపిస్తుంది.

ఈ ధరలో ఒకే ఒక్క బర్బన్‌ను ఎంచుకోమంటే వైల్డ్ టర్కీ 101 వైపే మొగ్గు చూపాలి. 50.5 శాతం బలం, ఆరు నుంచి ఎనిమిదేళ్ల పీపాల కలయిక అని సంస్థ చెప్పే వయసు, లోపల మొసలి చర్మంలా పగుళ్లు బారేంతగా కాల్చిన పీపాలు. 1954 నుంచి అక్కడ పనిచేసిన జిమ్మీ రస్సెల్ పద్ధతిలో పీపాలోకి 57.5 శాతం దగ్గరే పోయడం వల్ల చివర్లో కలిపే నీళ్లు తక్కువ. ఇది లేత బర్బన్ కాదు, చవక బర్బన్ మాత్రమే. కొన్ని రాష్ట్రాల్లో దీనికన్నా ఎక్కువ ధరకు అమ్ముడయ్యే నాలుగేళ్ల సీసాలు అనేకం ఉన్నాయన్నది ఆలోచించవలసిన విషయం. మరోవైపు ఏన్షెంట్ ఏజ్ సీసా మీద పేరులో ఎంత ప్రాచీనత ఉన్నా, చిన్న అక్షరాల్లో 36 నెలలని ఉంటుంది. బలం 40 శాతం. మూడేళ్లకు తోడు అంత నీరు చేరాక అది డబ్బు ఆదా చేసే సీసా అనడమే తప్ప మంచి సీసా అనడం కష్టం. హెవెన్ హిల్ తన సొంత పేరుతోనే అమ్మే ఆరేళ్ల తెల్ల చీటీ బాండ్ సీసాను 2018లో ఆపేసి, మరుసటి ఏడాది ఏడేళ్ల వయసుతో దాదాపు 40 డాలర్లకు తిరిగి తెచ్చింది. అంతకుముందు దాని ధర అందులో సగానికి కూడా చేరేది కాదు. ఒక్క ఏడాది వయసుకు అంత విలువ ఉందని రుచి చూసి నమ్మడం కష్టం. అది గిరాకీ ధర.

రై విస్కీ దగ్గర లేత వయసు వాదన మరింత బలపడుతుంది. మొక్కజొన్న స్వభావం మెత్తని తీపి. దానికి వ్యక్తిత్వం రావాలంటే కర్ర సాయం కావాలి, అందుకే మరీ లేత బర్బన్ బోసిగా ఉంటుంది. రై ధాన్యానికి తనదైన ఘాటు పుట్టుకతోనే ఉంది. మిరియాలు, పుదీనా, సోంపు, అప్పుడే కోసిన గడ్డి వంటి వాసనలు బట్టీ నుంచి దిగిన రోజే సారాలో ఉంటాయి. పీపా పని ఆ ఘాటు అంచులను గుండ్రం చేయడమే. ఎక్కువ కాలం ఉంచితే కర్ర తీపి పెరిగి, రై, బర్బన్ ఒకదానికొకటి దగ్గరవుతాయి. పదిహేనేళ్ల రైలో దొరికే లోతును కాదనలేం, కానీ రై కోసమే రై తాగేవారికి మూడు నుంచి ఆరేళ్ల మధ్య దొరికే పదునే అసలు ఆకర్షణ.

రైలోనూ రెండు సంప్రదాయాలున్నాయి. రిటెన్‌హౌస్ పేరు పెన్సిల్వేనియాది, తయారీ ఇప్పుడు కెంటకీలోని హెవెన్ హిల్‌ది. అందులో రై చట్టం అడిగిన 51 శాతం మాత్రమే, మొక్కజొన్న 35, మాల్ట్ 14. అది బర్బన్ తీపిని వదలని రై. బాండ్ చట్టం ప్రకారం కనీసం నాలుగేళ్లు, 50 శాతం బలం. అమెరికాలో మద్యం మిశ్రమాలు కలిపేవారు మన్‌హట్టన్, సాజెరాక్ అనే కాక్‌టెయిళ్లు కలపడానికి తరతమ భేదం లేకుండా దీన్నే ఎంచుకోవడం చూస్తే ఈ ధరకు దానికి పోటీ తక్కువేనని తెలుస్తుంది. రెండోది ఇండియానా రాష్ట్రంలోని లారెన్స్‌బర్గ్‌లో ఎంజీపీ సంస్థ తీసే 95 శాతం రై. ఒకే బట్టీ నుంచి వచ్చిన ఈ సరుకును బుల్లెట్ అనే బ్రాండ్‌తో సహా ఎన్నో కంపెనీలు కొని తమ పేర్లతో సీసాల్లో నింపాయి. సోయాకు (డిల్)తో పెట్టిన ఊరగాయ నీళ్లు గుర్తొచ్చే వాసన ఇందులో కొందరికి నచ్చుతుంది, కొందరికి అస్సలు సరిపడదు. వయసు నాలుగేళ్ల దగ్గర ఉన్నా ఇది పచ్చిగా ఉండదన్నది మాత్రం నిజం. ఓల్డ్ ఓవర్‌హోల్ట్ మామూలు సీసా చాలాకాలం 40 శాతంతో నీరసంగా ఉండి, 2020లో 43కు పెరిగింది. మూడు శాతం పెరిగితేనే రుచిలో వచ్చిన మార్పు, పై లెక్కకు మరో సాక్ష్యం.

లేత వయసు, ఎక్కువ ధర కలిసే చోటు కూడా ఒకటుంది. గత రెండు దశాబ్దాల్లో అమెరికా అంతటా పుట్టిన చిన్న డిస్టిలరీలకు మొదటి నాలుగేళ్లు రాబడి ఉండదు. అద్దె, జీతాలు కట్టడానికి ఏడాది, రెండేళ్ల విస్కీనే 45, 50 డాలర్లకు అమ్మక తప్పదు. ధాన్యం స్థానికం, శ్రద్ధ ఎక్కువ, కథ బాగుంటుంది. విస్కీ మాత్రం తరచూ సిద్ధంగా ఉండదు. స్థానిక వ్యాపారాన్ని నిలబెట్టాలన్న సదుద్దేశంతో కొనడంలో తప్పులేదు గానీ, రుచికి డబ్బిస్తున్నామనుకుని కొంటే పెద్ద డిస్టిలరీల 22 డాలర్ల సీసా ముందు అది నిలవడం అరుదు. ఇంకొందరు ఇండియానా సరుకును కొని సొంత ఊరి కథ అల్లి అమ్మారు. అయోవాకు చెందిన టెంపుల్‌టన్ రై మీద వేసిన దావాలు 2015లో రాజీతో ముగిశాయి. విస్కీ తీసిన రాష్ట్రం పేరు చీటీ వెనక ఎక్కడుందో వెతుక్కోవడం ఈ తరగతి సీసాల విషయంలో మంచి అలవాటు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనేవారికి ఈ లెక్కలు మారిపోతాయి. బర్బన్ మీద 150 శాతంగా ఉన్న సుంకాన్ని కేంద్రం 2025 ఫిబ్రవరిలో 100 శాతానికి తగ్గించింది. ఆపైన రాష్ట్రం వేసే పన్నులు యథాతథం. అమెరికాలో అట్టడుగు అరలో ఉండే జిమ్ బీమ్ ఇక్కడ ఖరీదైన విస్కీల సరసన కూర్చుంటుంది, ఇందాక చెప్పుకున్న బాండ్ సీసాలు దాదాపు కనిపించవు. ఆ ధరకు దానితో పోటీపడేవి అమృత్, పాల్ జాన్ వంటి భారతీయ సింగిల్ మాల్ట్‌లు. అవి కూడా లేత వయసు విస్కీలే, బెంగళూరు, గోవా ఎండలకు ఏటా పీపాలో దాదాపు పదో వంతు ఆవిరైపోతుండగా నాలుగైదేళ్లకే ముగ్గుతాయి. 40 శాతం జిమ్ బీమ్ కన్నా 46 శాతం అమృత్ మెరుగైన కొనుగోలు అనడానికి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. అమెరికా నుంచి వచ్చేవారు తెచ్చుకోదగ్గ రెండు లీటర్ల పరిమితిలో మాత్రం ఎక్కడైనా దొరికే పన్నెండేళ్ల స్కాచ్ కన్నా ఇక్కడ దొరకడం కష్టమైన ఒక వైల్డ్ టర్కీ, ఒక రిటెన్‌హౌస్ తేవడం తెలివైన పని. ధర తక్కువ, సామానులో బరువు అంతే.

కెంటకీ గిడ్డంగుల్లో పరిస్థితి ఇప్పుడు మళ్లీ 1970లను గుర్తుచేస్తోంది. అక్కడ నిల్వ ఉన్న బర్బన్ పీపాల సంఖ్య 2025 నాటికి 1.6 కోట్లు దాటింది, అమ్మకాలు ఆ వేగంతో పెరగడం లేదు. కొత్త పీపాలో విస్కీని స్కాచ్‌లా పాతికేళ్లు దాచుకోవడం కుదరదు కాబట్టి ఈ సరుకు వయసు పెరిగే కొద్దీ కింది అరల వైపు జారక తప్పదు. నాబ్ క్రీక్ అనే బర్బన్ 2016లో తీసేసిన తొమ్మిదేళ్ల అంకెను 2020లో మళ్లీ చీటీ మీదికి తెచ్చింది. నిల్వలు ఇలాగే ఉంటే ఆరేడేళ్ల అంకెలు చవక సీసాల మీద కూడా తిరిగి కనిపించవచ్చు. అలా కనిపించినప్పుడు ఆ అంకె పక్కనే ఉండే ఆల్కహాల్ శాతం 50 దగ్గర ఉందా, 40కి దిగిందా అన్నది చూసి సీసా చేతిలోకి తీసుకోవడం మేలు.